ఒక్క అక్షరం తేడా!

బారసాల రోజున ఉయ్యాల చుట్టూ చేరినవాళ్ల మాటలు ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? "ముక్కు అచ్చం నాయనమ్మదే" అంటారొకరు. "రంగు మాత్రం మా వైపుది" అంటారు అమ్మమ్మగారు. "ఆ నొసలు చూడండి, తాతగారే దిగొచ్చినట్టు లేదూ!" అంటారింకొకరు. మంచి పోలికల విషయంలో రెండు వైపులవాళ్లూ పోటీపడతారు. అదే బిడ్డకు ఏదైనా జబ్బుందని తెలిసిందనుకోండి, "మా వంశంలో ఇలాంటివి లేవమ్మా" అనే మాట ముందుగా పుట్టేది అత్తవారింట్లోనే. అది తగిలేది కోడలికే.

ఇంతకీ ఈ పోలికలన్నీ ఎక్కడ రాసి ఉంటాయి? రాసినదాన్ని మన ఒళ్లు ఎలా చదువుకుంటుంది? చదవడంలో ఒక్క అక్షరం తేడా వస్తే ఏమవుతుంది? ఇదంతా కాలేజీ పాఠం, మనకెందుకులే అనుకోకండి. నెలనెలా రక్తం ఎక్కిస్తేగాని తిరగలేని పిల్లల కథ, వాళ్ల తల్లులు పడే మాటల కథ ఈ రాతలోనే ఉంది. నుదుటిరాత కాదు సుమా, కణంలోని రాత!

నాలుగక్షరాల భాష

మన శరీరం కోటానుకోట్ల కణాల పోగు. దాదాపు ప్రతి కణం మధ్యలోనూ కేంద్రకం అనే చిన్న గది ఉంటుంది. అందులో 46 క్రోమోజోములు ఉంటాయి. అమ్మ నుంచి 23, నాన్న నుంచి 23. లెక్క సరిసమానం. ఒక్కొక్క క్రోమోజోమూ ఒక పొడవాటి డీఎన్‌ఏ దారం. ఒక్క కణంలోని దారాలన్నీ విప్పి వరసగా పెడితే రెండు మీటర్లు వస్తాయి. అంటే రెండు జాకెట్ల గుడ్డంత పొడవన్నమాట! అదంతా కంటికి ఆనని గదిలో చుట్టలు చుట్టుకుని ఒదిగి ఉంటుంది.

ఈ దారం రెండు పాయలు మెలివేసిన తాడులా ఉంటుంది. పాయల వెంబడి నాలుగు రకాల రసాయనాలు బారులు తీరి ఉంటాయి. వాటిని ఏ, టీ, జీ, సీ అని పిలుస్తారు. ఒక పాయలో ఏ ఉంటే ఎదుటి పాయలో టీ, ఇటు జీ ఉంటే అటు సీ. ఈ జత ఎప్పుడూ మారదు. అందుకే ఒక పాయను చూసి రెండోదాన్ని తప్పుల్లేకుండా అల్లుకోవచ్చు. కణం రెండయ్యేటప్పుడు జరిగేది ఇదే.

మన తెలుగుకు 56 అక్షరాలంటాం. డీఎన్‌ఏ భాషకు నాలుగే! కాని అమ్మ ఇచ్చిన 23 దారాల్లోనే దాదాపు 300 కోట్ల అక్షరాలున్నాయి. నాన్న ఇచ్చిన వాటిలోనూ సుమారు అన్నే.

ఈ మెలిదారం ఆకారాన్ని 1953లో లోకానికి చెప్పినవాళ్లు జేమ్స్ వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్. వాళ్లకు దారి చూపిన ఆధారాల్లో ముఖ్యమైనది లండన్‌లోని కింగ్స్ కాలేజీలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త పర్యవేక్షణలో 1952లో తీసిన ఒక ఎక్స్‌రే చిత్రం. ఆమెకు తెలియకుండానే అది వాట్సన్ కంటపడింది. 1962లో వాట్సన్, క్రిక్, మారిస్ విల్కిన్స్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి నాలుగేళ్ల ముందే, 37 ఏళ్ల వయసులో ఫ్రాంక్లిన్ క్యాన్సర్‌తో కన్నుమూసింది. ఈ కథ చెప్పుకునేటప్పుడు ఆమె పేరు మరిచిపోకూడదు.

పుస్తకం బీరువాలో, వంట వంటింట్లో

సరే, ఇన్ని అక్షరాలతో రాసి ఉన్నదేమిటి? ముఖ్యంగా ప్రొటీన్ల తయారీ. మాంసకృత్తులనగానే మనకు పప్పు, గుడ్డు, సెనగలు గుర్తొస్తాయి. కాని ఒంట్లో ప్రొటీన్ చేయని పని లేదు. జుట్టు ప్రొటీన్, అన్నం అరిగించే ఎంజైములు ప్రొటీన్లు, చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ ప్రొటీన్, రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ కూడా ప్రొటీనే.

ఏ ప్రొటీనైనా ఒక పూసల దండ లాంటిది. పూసల పేరు అమైనో ఆమ్లాలు. వాటిలో 20 రకాలున్నాయి. ఏ పూస పక్కన ఏ పూస రావాలి అన్నదాన్ని బట్టి దండ ఒక తీరుగా ముడుచుకుంటుంది. ఆ తీరును బట్టే అది చేయగలిగిన పని ఉంటుంది. మనం తిన్న కందిపప్పులోని దండలను పొట్ట తెంపి, పూసలు విడదీస్తుంది. ఆ పూసలతోనే మన కణాలు తమకు కావలసిన కొత్త దండలు గుచ్చుకుంటాయి. ఏ వరసలో గుచ్చాలో చెప్పేదే డీఎన్‌ఏ. ఒక దండకు సంబంధించిన రాత ఉన్న భాగాన్ని జన్యువు అంటారు.

బామ్మగారి వంటల పుస్తకం ఒకటి బీరువాలో భద్రంగా ఉందనుకోండి. నూనె చేతులతో దాన్ని వంటింట్లోకి తీసుకువెళ్లం కదా! కావలసిన వంటకాన్ని ఒక చీటీ మీద ఎక్కించుకుని వెళతాం. కణమూ అంతే. డీఎన్‌ఏ కేంద్రకం దాటి బయటకు రాదు. కావలసిన జన్యువుకు మాత్రం ఒక నకలు తయారవుతుంది. దాని పేరు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. ఈ చీటీలో టీకి బదులు యూ అనే అక్షరం ఉంటుంది, అంతే తేడా. చీటీ బయటకొచ్చి రైబోజోమ్ అనే చోట చేరుతుంది. అదే వంటిల్లు. అక్కడ చీటీ చదివేకొద్దీ ఒక్కొక్క పూసా వచ్చి దండలో చేరుతుంది. రైబోజోమ్ నిర్మాణాన్ని విప్పి చెప్పినందుకు 2009లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. వారిలో ఒకరు చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్, మరొకరు ఇజ్రాయెల్ మహిళ అదా యోనత్.

మూడేసి అక్షరాల మాటలు

20 రకాల పూసలకు నాలుగక్షరాలు ఎలా సరిపోతాయి? మూడేసి అక్షరాలు కలిపి ఒక మాటగా చదివితే సరి! అలా 64 మాటలు వస్తాయి. వాటిలో 61 మాటలు పూసల పేర్లు. ఒక్కొక్క పూసకు ఒకటికి మించి పేర్లుండొచ్చు. మిగిలిన మూడు మాటలకు "ఇక ఆపు" అని అర్థం. ఏటీజీ అనే మాట మెథియోనిన్ అనే పూసకు పేరు. "ఇక్కడ మొదలుపెట్టు" అనేదీ అదే.

ఈ నిఘంటువును తయారుచేసిన వారిలో మన దేశంలో పుట్టిన హరగోవింద్ ఖొరానా ఒకరు. అవిభక్త పంజాబ్‌లోని రాయ్‌పూర్ అనే పల్లెలో 1922లో పుట్టి, అమెరికా వెళ్లి పరిశోధనలు చేసి, 1968లో మార్షల్ నిరెన్‌బర్గ్, రాబర్ట్ హోలీలతో కలిసి నోబెల్ అందుకున్నారు.

ఇంకో విశేషం. కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఈ భాష సూక్ష్మజీవి నుంచి మనిషి దాకా ఒక్కటే. అందుకే మనిషి ఇన్సులిన్ జన్యువును బాక్టీరియాలో పెడితే అది కూడా మన ఇన్సులిన్‌నే తయారుచేస్తుంది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా ఇలాంటిదే. వైరస్ పైపొర ప్రొటీన్ తాలూకు రాతను ఈస్ట్ అనే సూక్ష్మజీవి చేత చదివించి తయారుచేశారు. ఆ సంస్థను స్థాపించిన వరప్రసాద్ రెడ్డి దానికి తన తల్లి పేరు పెట్టుకున్నారు.

ఆరో పూస మారితే...

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును ఒళ్లంతా మోసుకెళ్లేది హిమోగ్లోబిన్. ఇది నాలుగు దండల కూర్పు. రెండు ఆల్ఫా దండలు, రెండు బీటా దండలు. బీటా దండ రాత 11వ క్రోమోజోము మీద ఉంటుంది. ఆ దండలో 146 పూసలు. అంటే 438 అక్షరాల రాత. ఒక్కొక్క ఎర్ర రక్తకణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులుంటాయి. ఎముక మజ్జలో తయారయ్యే ఎర్రకణం, హిమోగ్లోబిన్ వంట దాదాపు పూర్తికాగానే కేంద్రకాన్ని బయటకు నెట్టేస్తుంది. వంట ముగియవస్తుంటే పుస్తకాన్నే పారేయడమన్నమాట! తర్వాత సుమారు 120 రోజులు రక్తంలో తిరుగుతుంది.

బీటా దండలో ఆరో పూస పేరు గ్లుటామిక్ ఆమ్లం. దాని రాత జీఏజీ. కొందరిలో మధ్య అక్షరం ఏకి బదులు టీ ఉంటుంది. జీటీజీ అంటే వేలిన్ అనే మరో పూస. 438 అక్షరాల్లో మారింది ఒకే ఒక్కటి! తెలుగులో "వంట" మొదటి అక్షరం మారితే "మంట" అయినట్టే.

గ్లుటామిక్ ఆమ్లానికి నీళ్లతో స్నేహం. వేలిన్‌కు నీళ్లంటే గిట్టదు. అందుకని ప్రాణవాయువును దించేశాక ఈ హిమోగ్లోబిన్ అణువులు నీటిని తప్పించుకుంటూ ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి కడ్డీల్లా తయారవుతాయి. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. 120 రోజులు బతకాల్సింది 10, 20 రోజులకే చితికిపోతుంది. దాంతో రక్తహీనత, కీళ్లలో ఎముకల్లో భరించలేని నొప్పులు, తరచూ జ్వరాలు. ఇదే సికిల్ సెల్ వ్యాధి. హిమోగ్లోబిన్ తేడా వల్లే ఈ జబ్బని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చెబితే, తేడా ఒక్క పూసలోనే ఉందని ఆ తర్వాత కొన్నేళ్లకు వెర్నన్ ఇన్‌గ్రామ్ తేల్చారు.

మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఉంది. ఎందుకిలా? ఒక్క వైపు నుంచి మాత్రమే ఈ అక్షరం వచ్చినవాళ్లను మలేరియా అంత సులువుగా చంపలేదు. మలేరియా మండలాల్లో ఆ అక్షరమే వాళ్లను కాపాడి, తరతరాలుగా నిలిచిపోయింది. రెండు వైపుల నుంచీ వచ్చినప్పుడే అది శాపమవుతుంది.

చీటీలో చాకలి పద్దు

తలసీమియా కథ మరోరకం. ఇక్కడ పూస మారడం కాదు, అసలు దండే సరిగ్గా తయారు కాదు. బీటా గ్లోబిన్ జన్యువులో రాత ఏకబిగిన ఉండదు. బామ్మగారి పుస్తకంలో వంటకం మధ్య చాకలి పద్దు రాసినట్టు, మధ్యలో రెండుచోట్ల దండకు పనికిరాని రాత ఉంటుంది. చీటీ సిద్ధమయ్యేటప్పుడు దాన్ని కత్తిరించి పారేయాలి. ఎక్కడ కత్తిరించాలో చెప్పే గుర్తులూ అక్షరాల్లోనే ఉంటాయి. మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తలసీమియా తేడా సరిగ్గా ఇక్కడే ఉంది. మొదటి పద్దులోని అయిదో అక్షరం జీకి బదులు సీ. గుర్తు చెదిరిపోతుంది. పద్దులో ముక్కలు వంటకంలో కలిసిపోతాయి. చదివేవాడికి అర్థం కాదు. దండ అరకొరగానే తయారవుతుంది.

మరికొందరిలో ఒకటి రెండు అక్షరాలు ఊడిపోతాయి. "కలప పడవ గడప" అన్న మూడు మాటల్లో ఒక్క "ల" తీసేసి, మళ్లీ మూడేసి అక్షరాలుగా చదవండి. "కపప డవగ డప"! అక్కణ్నుంచి చివరిదాకా అన్నీ తప్పులే. తలసీమియాకు కారణమయ్యే తేడాలు ఇలాంటివి వందల్లో ఉన్నాయి.

చూడండి, ఈ బిడ్డలు పుట్టినప్పుడు బొద్దుగానే ఉంటారు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ బీటా దండకు బదులు గామా అనే వేరే దండ వాడుకుంటుంది. పుట్టిన కొన్ని నెలలకు గామా తగ్గి బీటా అందుకోవాలి. అందుకునేదేమీ లేకపోయేసరికి ఆరు నెలలు దాటాక బిడ్డ పాలిపోవడం మొదలవుతుంది. సరిగ్గా తినదు, బరువు పెరగదు, పొట్ట ఉబ్బుతుంది. తీవ్రమైన తలసీమియా అయితే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో ఒంట్లో పేరుకునే ఇనుము గుండెనూ కాలేయాన్నీ దెబ్బతీయకుండా మందులు వాడుతూనే ఉండాలి.

తప్పు తల్లిదా?

నిన్నటిదాకా ఆడుకున్న బిడ్డ ఇలా అయిపోతే ఇంట్లో మొదలయ్యే ప్రశ్నలు మనకు తెలియనివి కావు. "గ్రహణం నాడు బయట తిరిగావా?" "నీ పాలు పడలేదేమో!" "కడుపుతో ఉన్నప్పుడు మాత్రలు సరిగ్గా మింగావా?" ఒక్కదానికీ ఈ జబ్బుతో సంబంధం లేదు. తల్లి తిన్నదాని వల్ల, తిననిదాని వల్ల, ఎండలో నడిచినందువల్ల ఆ అక్షరం మారలేదు. ఎన్ని తరాల కిందటో మారి, చేతులు మారుతూ వచ్చింది.

ముఖ్యమైన సంగతేమిటంటే, బీటా తలసీమియా మేజర్ గాని, సికిల్ సెల్ వ్యాధి గాని రావాలంటే తేడా ఉన్న రాత తల్లి నుంచీ రావాలి, తండ్రి నుంచీ రావాలి. ఒక్కరి వల్ల రాదు. ఒక్క నకలులో మాత్రమే తేడా ఉన్నవాళ్లను వాహకులంటారు. తలసీమియా మైనర్ అని రిపోర్టుల్లో రాసేది దీన్నే. రెండో నకలు బాగుంటుంది కాబట్టి వాళ్లు మామూలుగానే ఉంటారు. తమలో తేడా ఉందని తెలియకుండానే జీవితమంతా గడిపేస్తారు. మన దేశంలో నూటికి ముగ్గురు, నలుగురు బీటా తలసీమియా వాహకులని అంచనా. "మా వంశంలో లేదు" అనే మాటకు అర్థం "మా వంశంలో బయటపడలేదు" అని మాత్రమే.

భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. బిడ్డ వాహకమయ్యే అవకాశం నాలుగింట రెండు. ఏ తేడా లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. "మొదటి బిడ్డకు వచ్చింది కదా, తర్వాతి ముగ్గురికీ రాదు" అనుకోవడం పొరపాటు. ప్రతిసారీ లెక్క మొదటికే వస్తుంది.

మేనరికాల మాట

మన వైపు మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు కొత్త కాదు. మేనమామ, మేనకోడళ్ల జన్యువుల్లో నాలుగో వంతు ఒకేచోటి నుంచి వచ్చినవి. మేనబావ, మేనమరదళ్లకైతే ఎనిమిదో వంతు. తాతగారిలోనో అమ్మమ్మగారిలోనో దాగి ఉన్న ఒక అక్షరం రెండు వైపుల నుంచీ నడిచొచ్చి ఒకే బిడ్డలో కలిసే అవకాశం ఇలాంటి సంబంధాల్లో ఎక్కువ. మేనరికం చేసుకున్న వాళ్లందరికీ ఇలా జరుగుతుందని కాదు. బయటి సంబంధమైతే బెంగే లేదనీ కాదు. వాహకులు బయటా ఉన్నారు. అందుకే ఏ సంబంధమైనా పరీక్ష మంచిది.

జాతకాలు కుదిరాయా, నక్షత్రాలు కలిశాయా అని నెలలు తిరుగుతాం. ఒక్క రక్తపరీక్షకు వెనకాడతాం. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ దీవిలో ఏడుగురిలో ఒకరు తలసీమియా వాహకులు. అక్కడ 1980లలో పెళ్లికి ముందే పరీక్ష చేయించుకోవాలన్న పద్ధతి తెచ్చారు. ఇద్దరూ వాహకులని తేలినా చాలామంది పెళ్లి మానుకోలేదు. ముందే తెలుసు కాబట్టి గర్భంలోనే పరీక్ష చేయించుకున్నారు. తలసీమియాతో పుట్టే పిల్లల సంఖ్య అక్కడ దాదాపు సున్నాకు పడిపోయింది.

ఏ పరీక్ష? ఎప్పుడు?

పెళ్లికి ముందు చేయించుకుంటే మేలు. లేదంటే పిల్లల కోసం అనుకుంటున్నప్పుడు. అదీ కుదరకపోతే నెల తప్పిన వెంటనే. మొదట మామూలు రక్తపరీక్ష, అదే సీబీసీ. అందులో ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ 80 కన్నా తక్కువుంటే అనుమానించాలి. ఇనుము లోపంలోనూ ఇలాగే ఉంటుంది కాబట్టి తేల్చడానికి హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష చేస్తారు. అందులో హిమోగ్లోబిన్ ఏ2 సాధారణంగా 3.5 శాతం దాటితే తలసీమియా వాహకులని అర్థం. సికిల్ సెల్ తేడా కూడా ఇందులోనే బయటపడుతుంది.

నెలల తరబడి ఐరన్ మాత్రలు వేసుకున్నా రక్తం పెరగని గర్భిణులు ఈ పరీక్ష గురించి డాక్టరును తప్పకుండా అడగాలి. అంతేగాని మాత్రలు మీ అంతట మీరే మానేయకూడదు.

భార్య వాహకురాలని తేలితే భర్తకూ పరీక్ష చేయాలి. "నాకెందుకు, నేను బాగానే ఉన్నాగా" అంటే కుదరదు. ఇద్దరూ వాహకులైతే గర్భం 10-12 వారాలప్పుడు మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ డీఎన్‌ఏ రాతను చదవొచ్చు. మామూలు స్కానింగ్‌లో ఇది కనపడదు. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. ఫలితం వచ్చాక ఏంచేయాలన్న నిర్ణయం దంపతులదే. ఆ నిర్ణయానికి సమయం చిక్కాలంటే తొందరగా వెళ్లాలి.

సికిల్ సెల్ కోసం కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపువారు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించడం దాని లక్ష్యం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, సికిల్ సెల్ రెండూ చేరాయి.

రాతను దిద్దే రోజులు

రాసింది చదవడం అయింది. దిద్దడం కూడా మొదలైంది. డీఎన్‌ఏను కోరినచోట కత్తిరించే క్రిస్పర్ అనే పద్ధతిని రూపొందించినందుకు జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయేల్ షార్పెంటియే అనే ఇద్దరు మహిళలకు 2020లో నోబెల్ వచ్చింది. దాని ఆధారంగా తయారైన చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతినిచ్చాయి. ఇందులో తప్పు అక్షరాన్ని దిద్దరు. పుట్టాక మూతపడిన గామా దండ వంటకాన్ని మళ్లీ తెరిపిస్తారు! బీటా చేయలేని పనిని అది చేస్తుంది. అయితే అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఎముక మజ్జ మార్పిడితో తలసీమియా నయమయ్యే అవకాశముంది గాని, సరిపోయే దాత దొరకాలి. తోడబుట్టినవాళ్లలో ఒక్కొక్కరు సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే.

ఇంత ఖర్చు, ఇంత వేదన ఒక పక్క. కొద్ది మిల్లీలీటర్ల రక్తం ఇచ్చి ముందే తెలుసుకోవడం ఇంకో పక్క. ఏది తేలికో చెప్పనక్కర్లేదు కదా!

ఇవి గుర్తుంచుకోండి

* వాహకులుగా ఉండడం జబ్బు కాదు. పెళ్లికీ ఉద్యోగానికీ అడ్డు కాదు.

* ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. రిపోర్టు పెళ్లి కాగితాలతోపాటు దాచుకోండి.

* మీరు వాహకులని తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా చెప్పండి. వాళ్లలో ఉండే అవకాశం సగానికి సగం.

* ఈ మధ్యే రక్తం ఎక్కించుకుని ఉంటే ఆ సంగతి పరీక్షకు ముందే చెప్పాలి. ఫలితం తప్పుగా రావచ్చు.

* బీట్‌రూట్, దానిమ్మ రసాలు ఆరోగ్యానికి మంచివే. కాని అవి జన్యువులోని అక్షరాన్ని మార్చలేవు.

* తలసీమియా పిల్లలు బడికెళ్లొచ్చు, ఆడుకోవచ్చు, చదువుకుని ఉద్యోగాలు చేయొచ్చు. వాళ్లకు కావలసింది వేళకు రక్తం. మీ ఇంట్లో రక్తం ఇవ్వగలిగినవాళ్లు ఉంటే ఏడాదికోసారైనా ఇవ్వమనండి.